మేస్త్రికి వినపడని మిస్సింగ్

మెకానిక్ షెడ్ల వరుసలో అతన్ని అందరూ చెవి మేస్త్రి అనేవాళ్లు. బండి గుమ్మంలోకి వస్తుండగానే, బానెట్ ఎత్తకుండానే రోగం చెప్పేసేవాడు. "బేరింగు పోయింది, పక్కన పెట్టు" అనేవాడు, చేతిలో పని ఆపకుండా. పక్క షెడ్ల వాళ్లు తమకు అంతుపట్టని బండిని తోసుకొచ్చి "అన్నా, ఒక్కసారి చెవి వెయ్యవా" అని బతిమాలేవాళ్లు. మేస్త్రి పైకి విసుక్కునేవాడు గానీ లోపల పొంగిపోయేవాడు.

ఆ చెవులు ఎప్పుడు మందగించాయో అతనికే తెలీదు. మొదట భార్య మాటలు వినపడటం తగ్గింది. అదేమంత లోటనిపించలేదు. తర్వాత ఫోను మోగుతున్నా తెలిసేది కాదు. ఇంజన్ల సంగతి మాత్రం తనలో తను కూడా ఒప్పుకోలేదు.

అలాంటి రోజుల్లోనే లాండ్రీ నడిపే ఆవిడ వ్యాను తీసుకొచ్చింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి, మూటలు తనే చేరవేస్తుంది. డ్రైవింగ్ నేర్చుకుని ఎంతో కాలం కాలేదు.

"పొద్దున స్టార్ట్ చేస్తే పువ్వులా ఉంటుందన్నా. ఎంత దూరం పోయినా పేచీ లేదు. ఆసుపత్రి దగ్గర ఆపి, మూటలు దించి, మళ్లీ తాళం తిప్పానా, వణుకు మొదలు. లాగనే లాగదు. కాస్త దూరం పోయాక దానంతటదే సర్దుకుంటుంది."

మేస్త్రి ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి ఆపాడు. కాసేపాగి మళ్లీ స్టార్ట్ చేసి తల వంచాడు. ఒకటే మెత్తటి హోరు. అందులో ఏ తేడా పట్టుబడలేదు.

"వినపడుతోందా అన్నా?" అందామె ఆశగా.

ఆ మాట ముల్లులా దిగింది. "బండిలో ఏం లేదమ్మా. నువ్వు క్లచ్ వదలడంలోనే ఉంది" అనేశాడు.

ఆమె తలూపి బండెక్కింది. చెవి మేస్త్రే లేదన్నాక ఇక తన చెవుల్ని ఏం నమ్ముకుంటుంది?

కొన్నాళ్లకి మళ్లీ వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. "కూడలి మధ్యలో ఆగిపోయిందన్నా. వెనక బస్సు డ్రైవరు దిగొచ్చి నోటికొచ్చినట్టు తిట్టాడు. తప్పు నాదేలే. మీరు చెప్పారని రోజూ పొద్దున్నే మైదానానికెళ్లి క్లచ్ వదలడం నేర్చుకుంటున్నా. అక్కడ బాగానే వస్తుంది. పనిలో పడితే మళ్లీ మామూలే. నాకు కాలు కుదరట్లేదు. కాస్త మీరే చూపించరూ?" అంటూ ఆపిన బండికి మళ్లీ తాళం తిప్పింది.

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. అన్నం క్యారియర్ తెచ్చిన అతని భార్య అక్కడే నిలబడి ఉంది.

"ఈవిడ కాలేం చేసింది? బండి అలా దడదడలాడిపోతుంటే! ఏవండీ, మీకు వినపడట్లేదూ?"

పక్క షెడ్లో సుత్తి చప్పుడు ఆగిపోయిందని అతనికి తెలీలేదు. అక్కడి మనుషులు ఇటు తిరగడం చూసి గ్రహించాడు. భార్య మీద అరవబోయాడు. మానుకున్నాడు. ఎవరి మొహమూ చూడకుండా బండి వెనక్కి వెళ్లి, గొంతుక్కూర్చుని, సైలెన్సర్ గొట్టం ముందు అరచెయ్యి పెట్టాడు. పొగ వరసగా చేతిని కొడుతోంది. మధ్యమధ్యలో ఒక్కో దెబ్బ తప్పిపోతోంది. మిస్సింగ్. చెవికి అందనిది చేతికి అందింది.

బానెట్ ఎత్తాడు. ఎడమ చెయ్యి ఇంజన్ మీద ఆనించి, సిలిండర్లలో నిప్పు పుట్టించే కాయిల్స్ కి వచ్చే వైర్లు ఒక్కొక్కటే పీకి పెట్టాడు. ఏది పీకినా వణుకు పెరిగింది. మూడోది పీకితే మాత్రం ఏ మార్పూ లేదు. ఆ సిలిండర్లో నిప్పే పుట్టట్లేదు. మూడో కాయిల్ తీసి మొదటి దాంట్లో, మొదటిది మూడో దాంట్లో వేశాడు. ఆమెతో వ్యాను ఒక చుట్టు తిప్పించి, ఆపించి, ఆగి, మళ్లీ స్టార్ట్ చేయించాడు. ఈసారి మొదటి సిలిండర్ పడుకుంది. దోషం కాయిల్ తోపాటే మారింది. బండి నడుస్తుంటే గాలి తగిలి కాయిల్ చల్లగా ఉంటోంది. ఆపగానే ఇంజన్ వేడంతా పైకెక్కి దాన్ని ఉడకబెడుతోంది.

కొత్త కాయిల్ వేసి, అలాగే వేడిమీద స్టార్ట్ చేయించి, భార్యని గొంతు తగ్గించి అడిగాడు. "ఇప్పుడెలా ఉంది?"

"దడదడ పోయింది" అని భార్య తలూపింది.

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ లాండ్రీ ఆవిడ దగ్గరికి వచ్చాడు. "నీ కాలిది కాదమ్మా తప్పు. ఆ రోజు నాకు సరిగా వినపడలేదు. అది చెప్పుకోలేక నీమీద పెట్టేశాను."

"మైదానంలో నడకకొచ్చిన వాళ్లంతా నన్ను చూసి నవ్వేవాళ్లన్నా" అందామె. తాళం తీసుకుని వెళ్లిపోయింది. నాలుగు తిట్టి పోయినా బాగుండేదనిపించింది అతనికి. ఆ పూట అన్నం సహించలేదు.

ఆ వారంలోనే భార్య అతన్ని చెవుల పరీక్షకి లాక్కెళ్లింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్ ఫోన్ తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా నొక్కమని చేతికో మీట ఇచ్చారు. మొదట నొక్కాడు. తర్వాత ఎంతసేపటికీ ఏమీ రాలేదు. అద్దం అవతల భార్య తననే చూస్తోంది. ఒకసారి నొక్కాడు. ఆగి, మళ్లీ నొక్కాడు.

పరీక్ష చేసే అమ్మాయి తలుపు తీసింది. "బాబాయిగారూ, ఇప్పుడు నేనసలు ఏ శబ్దమూ పెట్టలేదండీ."

అతని చెవులు రెండూ ఎర్రబడ్డాయి. మీట మీంచి వేలు తీసేశాడు.

"మళ్లీ మొదట్నించీ పెట్టమ్మా" అన్నాడు తల దించుకుని. "ఈసారి వినపడితేనే నొక్కుతాను."