దేవుడికంటే ముందు పెసరట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడికంటే ముందు టిఫిను తినే మనిషి ఒక్కతే ఉండేది. ఆ ఒక్కతీ నేను కాకపోవడమే అప్పట్లో నా బాధంతా.

మాది మండపేట బజారులో బెల్లం కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. బెల్లం దిమ్మల వాసన మా బట్టలకీ, బడి పుస్తకాలకీ, చివరికి తాగే నీళ్లకీ పట్టేసి ఉండేది. ఇంట్లో పెత్తనం మా నాయనమ్మది. ఆవిడ చీకటితోనే లేచి, స్నానం చేసి, మడి కట్టుకుని పూజకి కూర్చునేది. పూజ అయ్యాక మొదటి వాయి దేవుడికి నైవేద్యం పెట్టేవరకూ ఇంట్లో ఎవరూ టిఫిను ముట్టకూడదు. మా నాన్నగారు కూడా కాఫీ తాగి వెళ్లి కొట్టు తెరిచి, నైవేద్యం గంట వినపడ్డాకే మళ్లీ లోపలికి వచ్చేవారు. పిల్లలం గుమ్మంలో కూర్చుని ఆ గంట కోసం చెవులు నిక్కబొడుచుకునే వాళ్లం.

మా మేనత్త కూతురు వచ్చాక ఆ కట్టుబాటు పోయింది. అందరికీ పోయి ఉంటే నాకేం బాధ ఉండేది కాదు. తన ఒక్కదానికే పోయింది. తనకి షుగరు జబ్బు. పెద్దవాళ్లకి వచ్చేది కాదు, పసిపిల్లలకి వచ్చే రకం, రోజూ ఇంజెక్షను పడాల్సిందే. వాళ్లది సముద్రం ఒడ్డున పల్లెటూరు, దగ్గర్లో డాక్టరు లేడు. మా వీధి చివర ఆసుపత్రి ఉందని మా అత్తయ్య తనని తెచ్చి నాయనమ్మ దగ్గర వదిలిపెట్టింది. నాకంటే ఆరు నెలలు పెద్ద. ఆ కాస్త పెద్దరికానికే నేను 'వదినా' అని పిలవాలట. నా కుళ్లు అక్కడే మొదలైంది.

పొద్దున్నే కాంపౌండరు గారు సైకిలు మీద వచ్చేవారు. మందు బుడ్డి మా వంటింటి మూల మట్టి ముంతలో, తడి ఇసుక మధ్య చల్లగా ఉండేది. సూది వేసి ఆయన అటు వెళ్లగానే నాయనమ్మ ఇటు పెనం పెట్టేది. పూజ సగంలో ఉన్నా సరే, లేచి వచ్చేసేది. మడి మనిషి, దేవుడిని మధ్యలో వదిలేసి! ఒకసారి మా అమ్మ నసిగితే, "దేవుడు ఆగుతాడే. ఒంట్లోకి వెళ్లిన మందు ఆగదు కదా" అంది. మందు పడ్డాక కడుపులో ఏదీ పడకపోతే పిల్ల సొమ్మసిల్లి పడిపోతుందని డాక్టరు గారు గట్టిగా చెప్పారట. నాకు ఆ మాట వినపడలేదు. పొట్టు తీయని పెసలు రుబ్బిన పిండి పెనం మీద చుయ్యిమనడం మాత్రం వినపడేది.

దాని మీద అల్లం, జీలకర్ర, పచ్చిమిరపకాయ ముక్కలు. పక్కన కొబ్బరి పచ్చడి. అట్టు అంచులు ఎర్రగా కాలి గుమ్మందాకా ఘుమఘుమలాడేవి. నేనేమో గుమ్మంలో కూర్చుని గంట కోసం ఎదురుచూసేదాన్ని. తీరా నా వంతు వచ్చేసరికి ఇడ్లీయో ఉప్మాయో అయ్యేది. పోనీ ఇంత మర్యాద జరుగుతున్నా ఆ మహాతల్లి తినేదా అంటే, అదీ లేదు. ముక్క తుంచి కంచంలో అటూ ఇటూ తిప్పేది. అప్పుడు నాయనమ్మ పక్కన చతికిలబడి, "ఒక్క ముక్కే. నా తల్లివి కదూ, నా బంగారానివి కదూ" అని బతిమాలి నోట్లో పెట్టేది. నన్ను ఆవిడ ఎన్నడూ బంగారం అని పిలిచి ఎరగదు. నన్ను పిలిస్తే "ఒసేయ్" అనే పిలుపే.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. వదిన మూత్రానికి కూడా మా ఇంట్లో గౌరవం ఉండేది! నీలం రంగు మందు గాజు గొట్టంలో పోసి, అందులో కొన్ని చుక్కలు మూత్రం వేసి, చిన్న దీపం మీద కాచేవారు. షుగరు లేకపోతే నీలంగానే ఉంటుంది. కొంచెం ఉంటే పచ్చ, ఎక్కువైతే ఇటిక రంగు. నాయనమ్మ ఆ గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూసేది. ఇడ్లీలు తిన్ననాడు ఇటిక రంగు వస్తోందనీ, పెసరట్టు తిన్ననాడు పచ్చ దాటడం లేదనీ ఆవిడ కనిపెట్టింది ఆ గొట్టంలోనే. నాది కూడా కాచి చూడమని నేను ఏడ్చి గోల పెట్టాను. కాంపౌండరు గారు నవ్వుకుంటూ కాచారు. నీలం నీలంగానే ఉండిపోయింది. ఎంత మరిగించినా రంగు మారలేదు. నేను వంటింట్లో పడి దొర్లి దొర్లి ఏడ్చాను. అంత అదృష్టానికి అంత ఏడ్చిన మనిషి మా బజారులో ఇంకొకరు ఉండరు.

ఆ సాయంత్రం నాయనమ్మ నన్ను పిలిచింది. తిడుతుందనుకున్నాను. "రేపటి నుంచి నువ్వూ వదినతోపాటే తిను. గంట దాకా ఆగక్కర్లేదు. కానీ ఒకటి, అది తినేదే నువ్వు తినాలి. అది తినకూడనిది నువ్వూ ముట్టకూడదు. ఇష్టమేనా?" అంది. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. దేవుడికంటే ముందు తినబోతున్నాను మరి.

మర్నాడు ఇద్దరికీ ఎదురెదురుగా పీటలు వేసింది. ఇద్దరి కంచాల్లోనూ ఒకే అట్టు, ఒకే పచ్చడి. అయినా తన అట్టే పెద్దదిగా కనిపించింది నాకు. అట్టు పోసేవాళ్లు కొలిచి పోస్తారా ఏమిటి, తప్పకుండా పెద్దదే. నేను గబగబా తినడం మొదలుపెట్టాను. వదిన తలెత్తి నా కంచంలోకి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. అచ్చం నా చూపే. తను కూడా ముక్క పెద్దదిగా తుంచింది. ఆ పూట ఎవరూ ఎవరినీ బతిమాలలేదు. రెండు కంచాలూ కడిగినట్టు అయిపోయాయి. ముందు ఖాళీ చేసింది నేనే అని నేనూ, కాదు తనే అని తనూ పోట్లాడుకుంటుంటే, నాయనమ్మ పొయ్యివైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. పొగ అనుకున్నాను.

అలా రోజులు గడిచాయి. పెసరట్టు, ఒక్కోరోజు కూర ముక్కలు ఎక్కువా రవ్వ తక్కువా వేసిన ఉప్మా, ఒక్కోరోజు ఉడికించిన శనగలు. ఏదైనా కొలిచినట్టు ఇద్దరికీ సమానమే. నేను బళ్లో గొప్పలు చెప్పుకునేదాన్ని కూడా.

ఒక ఆదివారం ఇంట్లో దిబ్బరొట్టి కాల్చారు. ఇత్తడి గిన్నెలో మినప్పిండి పోసి, మూత మీద నిప్పులు వేసి కాలిస్తే అడుగు ఎర్రగా, కరకరలాడుతూ లేస్తుంది. దానికి మా ఇంట్లో జోడీ బెల్లం పానకం. మా కొట్టులో కొత్త బెల్లం దిగిన రోజు అది. పానకం వాసనకి నా ఒప్పందం నీరుగారిపోయింది. "ఇవాళ నేను అందరితోపాటు తింటాను" అని పీట తీసుకెళ్లి నాన్నగారి పీట పక్కన వేసుకున్నాను. నాయనమ్మ నా వంక ఒకసారి చూసింది. వదినకి ఒక్కదానికే పెసరట్టు వడ్డించి, మళ్లీ పూజలోకి వెళ్లింది.

వదిన తినలేదు. అట్టు ముక్కలు చేసి పెరట్లో కాకులకి వేసేసి, ఖాళీ కంచం చూపించి వచ్చింది. కాసేపటికి కొట్టులో బెల్లం దిమ్మల పక్కన కూర్చుని ఉండగా చూశాను. మొహమంతా చెమట, పెదాలు తెల్లగా, చేతులు వణుకుతున్నాయి. పిలిస్తే ఎవరినో చూసినట్టు చూసింది. నేను కేక పెట్టాను. నాయనమ్మ పూజ మధ్యలోంచి పరుగున వచ్చి, తనని ఒళ్లో వేసుకుని, గిన్నెలో పానకం గరిటెలతో నోట్లో పోసింది.

గంట మోగాక రెండుసార్లు వేయించుకుందామని నేను కాచుకుని కూర్చున్న పానకం అది. నిజం చెప్పాలంటే, భయం వేస్తూనే ఉంది, అయినా లోపల ఎక్కడో, 'ఇవాళ పానకం కూడా దానికేనా' అని మండింది. కుళ్లుకి వేళా పాళా ఉండదు.

వదిన తేరుకుంది. ఇంకో అట్టు పోసి తినిపించి పడుకోబెట్టాక, నాయనమ్మ నన్ను దగ్గరికి లాక్కుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. వదిన వచ్చాక అదే మొదటిసారి. "నిన్ను దానితో ఎందుకు కూర్చోబెట్టాననుకున్నావే? నీ ఏడుపు చూడలేకా? కాదు. బతిమాలితే అది తినడం లేదు. నీ కంచం చూసి, నీకు ఓడిపోకూడదని తింటోంది. నీ కుళ్లే దాని చేత తినిపిస్తోంది" అంది.

"కుళ్లంటే నాకుంది. దానికెందుకు? అన్నీ దానికే కదా" అన్నాను.

నాయనమ్మ నా జుట్టు సవరించింది. తర్వాత మెల్లగా అంది. "నీకు ఆకలేస్తే తింటావు. వెయ్యకపోతే మానేస్తావు. దానికి ఆ రెండూ లేవమ్మా. ఆకలేసినా ఆగాలి, వెయ్యకపోయినా తినాలి. నువ్వు కంచం వదిలేసి ఆడుకోవడానికి పరిగెడతావు చూడు, నీకేసి అది అలా చూస్తూనే ఉంటుంది."

నా మీద కుళ్లుకునేవాళ్లు కూడా ఉంటారని నాకు అప్పటిదాకా తెలియదు. నా పరుగు మీద, నా ఆకలి మీద! మర్నాడు పొద్దున్నే నా పీట నేనే తెచ్చి వదిన ఎదురుగా వేసుకున్నాను. మంచితనం ముంచుకొచ్చి కాదు. నన్ను చూసి కుళ్లుకునే మనిషిని దగ్గరగా చూడాలని. చూస్తే, తన అట్టు మళ్లీ పెద్దదిగానే ఉంది.

ఇప్పుడు నాకూ షుగరే. ఆ గాజు గొట్టం ముందు ఏడ్చి అడిగిన వరం ఆలస్యంగా దక్కింది. రాజమండ్రిలో కొడుకూ కోడలూ ఇడ్లీలు తింటుంటే, నేను నా పెసరట్టు ముందు పెట్టుకుని వాళ్ల కంచాల వంక చూస్తుంటాను. పొద్దున్నే వదిన వీడియో కాల్ చేస్తుంది. ఈ జబ్బులో తను నాకంటే ఎంతో సీనియరు కదా, ఆ పెద్దరికం కూడా వదలదు. "జావ తాగి సరిపెట్టకు, షుగరు గబుక్కున ఎక్కేస్తుంది. ఇడ్లీ తినాలనిపిస్తే ఒక్కటి తిను, పక్కన శనగలు పెట్టుకో" అంటుంది. తన జబ్బూ నా జబ్బూ ఒకటి కాదని డాక్టరు గారు చెబుతూనే ఉంటారు, అయినా మా పోటీ మాత్రం ఒకటే. తన చేతికి ఒక బిళ్ల అంటించి ఉంటుంది, సూది గుచ్చకుండానే ఫోనులో షుగరు అంకె చూపిస్తుందట. నాకు అది లేదు. చెప్పొద్దూ, మంటే.

పోయిన నెల వదినకి జ్వరం వచ్చింది. పొద్దున ఫోనులో మొహం పీక్కుపోయి ఉంది. ఇంజెక్షను వేసేసుకుందట, కంచం పక్కకి తోసేసింది. వెనక నుంచి తన కోడలు బతిమాలుతోంది. "తినబుద్ధి కావడం లేదు, వదిలెయ్యండి నన్ను" అంటోంది వదిన.

కొట్టులో బెల్లం దిమ్మల పక్కన తెల్లబడ్డ పెదాలు కళ్ల ముందు మెదిలాయి. నేను బతిమాలలేదు. నా కంచం ఎత్తి ఫోనుకి దగ్గరగా పెట్టాను. "సరేలే వదినా. ఇవాళ్టికి నేనే ముందు" అన్నాను.

అటునుంచి వదిన తన కోడలితో అనడం వినపడింది. "ఆ కంచం ఇలా తే అమ్మాయ్."

ఎదురెదురుగా తిన్నాం, ఫోనులోనే. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను కావాలని నెమ్మదిగా నమిలాను. ముందు తనే ఖాళీ కంచం ఎత్తి చూపించింది. నాయనమ్మలా నేనూ పక్కకి తిరిగి కొంగుతో మొహం తుడుచుకున్నాను. అయినా తను గెలిచిందంటే నాకు ఇప్పటికీ కాస్త మంటగానే ఉంది.