పక్కి బొమ్మ సిరా

బీరువాలోంచి పాత అడ్మిషన్ రిజిస్టరు తీసి బల్ల మీద తెరిచానో లేదో ఆ వాసన వచ్చింది. కాస్త పుల్లగా, కాస్త తుప్పుగా, వానలో ఇనుప గేటు పట్టుకున్నాక అరచేతికి అంటుకునే వాసన. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు సిరాకు వాసన ఉంటుందన్న సంగతే తెలియదు. నాకు మాత్రం అది రాజన్న సార్ వాసన. నిన్న రేణుక అనే పాత విద్యార్థిని అంగన్‌వాడీ ఉద్యోగానికి పుట్టినతేదీ ధ్రువపత్రం కావాలని వచ్చింది. ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి పేజీలు తిప్పుతుంటే ఒకచోట వరసగా నాలుగు పేజీలు నీలం మరకలుగా అలుక్కుపోయి కనిపించాయి. ఆ మరకలు నా చేతి చలవే. 

నాన్న రైల్వే ఉద్యోగి. నిజామాబాద్ నుంచి నాందేడ్‌కు బదిలీ అయితే మేమంతా ఆయన వెంట వచ్చాం. నాకప్పుడు ఇరవై ఏళ్లు. హిందీ పుణ్యమా అని మరాఠీ అక్షరాలు రాయగలను గానీ, మాట్లాడబోతే అన్నీ తప్పులే. నా దస్తూరి చూసి ఊరి చివర ఉన్న ఈ వసతి పాఠశాలలో గుమాస్తాగా తీసుకున్నారు. ఇక్కడి పిల్లల్లో ఎక్కువమంది బిలోలి, ధర్మాబాద్ వైపు వాళ్లు. దీపావళి దాటగానే అమ్మానాన్నలు చెరకు కొట్టడానికి దూరం పోతారు. పిల్లలు హాస్టల్లో ఉండి చదువుకుంటారు. హెడ్ క్లర్క్ రాజన్న సార్‌ది భైంసా. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మాత్రం చచ్చినా మరాఠీయే. "ఆఫీసుల ఆఫీసు భాషనే. లేకుంటె నువ్వు ఎన్నడు నేర్సుకుంటవ్? నీ మరాఠీ ఇంక పాలు తాగుతున్నది" అని మొదటి రోజే ఏడిపించాడు. ఆ మాట చెప్పడానికి మాత్రం తెలుగు వాడాడు.

జూన్‌లో చేరికల రిజిస్టరు నాకు అప్పగిస్తూ, వజీరాబాద్ బజారుకు వెళ్లి సిరా తెచ్చుకోమన్నాడు. "పక్కీ శాయీ ఆణ్. సమజ్‌లం కా?" అన్నాడు. శాయి అంటే సిరా, ఆణ్ అంటే తీసుకురా. అంతవరకు తెలుసు. ఇక పక్కి. చిన్నప్పుడు ప్రకృతి, వికృతి బట్టీ పట్టినదాన్ని కదా, పక్షికి వికృతి పక్కి. పిట్ట బొమ్మ ఉన్న సిరా అన్నమాట! సమజ్‌లం, అర్థమైంది అని ధీమాగా తలూపాను. దుకాణంలో చూస్తే, వరసగా పేర్చిన సీసాల్లో ఒకదాని మీద రెక్కలు విప్పిన పిట్ట ఉండనే ఉంది. నా అదృష్టానికి నేనే మురిసిపోయాను. పక్కీ శాయీ అంటే చెరిగిపోని పక్కా సిరా అనీ, నేను తెచ్చింది బట్టలకంటినా ఉతికితే పోయే బడిపిల్లల సిరా అనీ నాకేం తెలుసు?

మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న అన్నం తిన్నాక సార్ మనసు కాస్త మెత్తబడి తెలుగులోకి దిగేవాడు. పాళీ కడుగుతూ కబుర్లు చెప్పేవాడు. "మా తాత పట్వారీ కాడ రాసేటోడు. కరక్కాయలు దంచి, ఇనుప మూకుట్ల ఉడికిచ్చి, అన్నభేది అనే ఇనుప ఉప్పు కలిపి సిరా చేసేటోడు. రెల్లు కలం ముంచుడు, రాసుడు. మా నాయిన కాలంల సిరా బిళ్లలు అచ్చినయి, నీళ్లల్ల ఏస్తె అయిపాయె. నా కాడికి అచ్చేవరకు సీసాలు, గీ ఫౌంటెన్ పెన్నులు. కలం మారింది గని లోపట గా ఇనుము, గా వగరు గట్లనే ఉన్నయి" అనేవాడు. ఇంకోసారి తాను అప్పుడే రాసిన అక్షరం చూపించి, "గీ నీలం ఉత్తగ కనవడనీకె. అసలు అక్షరం ఇంక పుట్టలే. గాలి తగిలినాంక నల్లగైతది" అన్నాడు. నా అక్షరాలు నెల దాటినా నల్లబడలేదు. నా సిరా సార్ సిరా కన్నా మేలురకం కాబోలనుకుని లోలోపల గర్వపడ్డాను. అప్పటికి ఆయన కళ్లలో శుక్లాలు ముదురుతున్నాయి. నా పేజీల నిగనిగ ఆయనకు కనిపించలేదు.

ఆయనకు అద్దుడు కాగితం పిచ్చి ఒకటుండేది. పేజీకో కొత్త కాగితం వాడాలి. పేజీ పైమూలకు కాగితం పైమూల సరిగ్గా ఆనించి, వరస రాసిన వెంటనే అరచేత్తో ఒత్తాలి. రుద్దానా, చేతి మీద స్కేలు దెబ్బే. "ఒత్తు, లేపు. రుద్దుతె అక్షరం చస్తది" అనేవాడు. పేజీ నిండాక ఆ కాగితం మూలన తేదీ వేసి బిస్కెట్ డబ్బాలో దాచేవాడు. ఆఫీసులో అందరూ దాన్ని రాజన్న బ్యాంకు అని నవ్వేవారు. నేనూ నవ్వాను. ఎందుకు సార్ ఈ చెత్త అని ఒకసారి అడిగితే, "మా నాయిన రాసిన పేజీ ఎవడో బ్లేడుతోని కోసిండు. నిందేమో నాయిన మీద పడ్డది. చెత్తబుట్టల దొరికిన అద్దుడు కాగితమే ఆయినను కాపాడింది. గప్పటి సంది పారేస్తలేను" అన్నాడు.

ఆ నవంబరులో, దీపావళి సెలవుల్లో, కాలం కాని కాలంలో కుండపోతగా వాన కురిసింది. సెలవులయ్యాక ఆఫీసు తెరిస్తే పైకప్పు కారి బీరువాలోకి నీళ్లు వెళ్లాయి. రిజిస్టరు విప్పాం. పాత ఏళ్లలో సార్ రాసిన పేజీల్లో నీలం కారిపోయినా నల్లటి అక్షరం చెక్కుచెదరలేదు. నా నాలుగు పేజీలు మాత్రం ఉతికి ఆరేసినట్టయ్యాయి. ముప్ఫై ఏడుగురు పిల్లల పేర్లు, పుట్టినతేదీలు పోయాయి. చదువురాని తల్లిదండ్రుల దరఖాస్తులు కూడా నేనే, అదే సిరాతో నింపాను. కింది అరలో అవీ ముద్దయ్యాయి. వాళ్లు తెచ్చిన జనన చీటీలు చూసుకుని అప్పుడే తిరిగి ఇచ్చేశాం. ఇప్పుడు అడుగుదామంటే ఎవరు ఏ చెరకు తోటలో ఉన్నారో ఎవరికి తెలుసు? పై వారమే తనిఖీ.

హెడ్‌మాస్టర్ వచ్చి చూసి మండిపడ్డాడు. "హే కోణీ కేలం?" ఇది ఎవరు చేశారని అడిగాడు.  రాజన్న సార్ నా వైపు తిరిగి, ఆఫీసులో మొదటిసారిగా అందరి ముందూ తెలుగులో అడిగాడు. "ఏ సిరాతోని రాసినవ్, బిడ్డా?"

"మీరు చెప్పిందే సార్. పక్కి బొమ్మ ఉన్నది" అంటూ సీసా తీసి చూపించాను.

ఆయన సీసాను కళ్ల దగ్గరగా పెట్టుకుని ఆ పిట్టను చాలాసేపు చూశాడు. ముందు పెదాలు కదిలాయి, నవ్వబోతున్నాడనుకున్నాను. నవ్వలేదు. హెడ్‌మాస్టర్ వైపు తిరిగి "చూక్ మాఝీ ఆహే" అన్నాడు. తప్పు నాది. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఒక్క మచ్చ లేని మనిషి, నా తప్పును అంత తేలిగ్గా తన మీద వేసుకున్నాడు. నేను ఏడ్చేశాను. "ఏడుపు ఎన్కకు. ముందుగాల పోయి హాస్టల్ల ఉన్న పెద్ద అద్దం పట్కరా" అన్నాడు.

బిస్కెట్ డబ్బా ఆయన బల్ల సొరుగులో పొడిగా ఉంది. నాలుగు కాగితాలు తీశాడు. వాటిలో నా అక్షరాలన్నీ తిరగేసి ఉన్నాయి. అద్దం ముందు పెట్టగానే సరైన వైపుకు తిరిగాయి. మూలకు మూల ఆనించి ఒత్తినందుకు ఏ వరస ఆ వరసలోనే ఉంది. మొదటి పేరు నోరు తెరిచి చదివాను. పిల్లలు ఒక్కొక్కరే వెనక్కి వస్తున్నట్టనిపించింది. అప్పుడు ఆయన తన పెన్ను నా చేతికిచ్చాడు. పరాయి చేతి వాలుకు పాళీ అరిగి పాడవుతుందని సొంత కొడుకును కూడా ముట్టుకోనివ్వని పెన్ను అది. రెండు రోజులు ఆయన అద్దం పట్టుకుని నిలబడ్డాడు, నేను చూసి రిజిస్టరులోని ఖాళీ పేజీల్లో మళ్లీ రాశాను. జరిగింది ఇదీ అని హెడ్‌మాస్టర్ పైన రాసి సంతకం పెట్టాడు.

ఒక్క తేదీ మాత్రం తేలలేదు. ఆ వరస నేను తొందరలో రుద్దినట్టున్నాను. అంకె మూడో ఎనిమిదో అర్థం కాలేదు. "మూడని రాసేద్దాం సార్, అయిదు రోజుల తేడాయే కదా" అన్నాను. "గా పిల్ల పుట్టింది ఒక్కనాడే. మనకు దెల్వకుంటె ఖాళీ ఉంచు" అన్నాడు. తనిఖీ అధికారి ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి అడిగినప్పుడు కూడా, తండ్రి వచ్చాక రాస్తామని తొణక్కుండా చెప్పాడు. ఉగాదికి ఆ తండ్రి చెరకు పని ముగించుకుని వచ్చి, ఇంట్లో రేకు పెట్టెలోంచి జనన చీటీ తీసుకొచ్చాడు. తేదీ ఎనిమిది. నేను ఊహించి రాసి ఉంటే ఆ పిల్ల జన్మంతా తప్పు తేదీ మోసేది. ఆ రోజు ఆ గడి నింపి పెన్ను మూత పెట్టాక నాకు హాయిగా ఊపిరి ఆడింది.

ఆ తర్వాత సార్ ఎవరినీ "అర్థమైందా?" అని అడగలేదు. "ఏం సమజైందో చెప్పు" అనేవాడు. ఎదుటివాడు తన మాటల్లో తిరిగి చెప్పేదాకా వదిలేవాడు కాదు. రిటైరైన రోజున పెన్ను నా బల్ల మీద పెట్టి, "దీని పాళీ నీ దిక్కు తిరిగింది, నాకింక రాయదు" అని నెపం పెట్టి వెళ్లిపోయాడు. ఇప్పుడాయన లేడు. కంప్యూటర్లు వచ్చినా రిజిస్టరు ఇంకా నేను ఆ పెన్నుతోనే రాస్తాను. కొత్తగా చేరినవాళ్లకు పని చెప్పి, ఏం అర్థమైందో చెప్పమంటాను. వాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

నిన్న రేణుకకు పత్రం రాసి, అద్ది, చేతికిచ్చాను. ఆమె తేదీ మీద వేలు పెట్టి కాసేపు చూసుకుంది. ఇంట్లో ఒకరు ఒక తేదీ, ఇంకొకరు ఇంకో తేదీ చెబుతారట. జనన చీటీ ఎప్పుడో చెదలు పట్టి పోయిందట. "మేడం, హీ తారీఖ్ పక్కీ ఆహే నా?" ఈ తేదీ పక్కాయేనా అని బెరుకుగా అడిగింది.

అది ఎనిమిదో తేదీ. ఖాళీ గడిలో అయిదు నెలలు ఆగి, ఆమె తండ్రి కళ్ల ముందు నేను రాసిన ఎనిమిది. నల్లగా అలాగే ఉంది.

నాకు నవ్వూ కన్నీళ్లూ కలిసి వచ్చాయి. "పక్కీ" అన్నాను.