నేను రెండు పంపులు చూసిన మూడు రోజులు

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, సాయంత్రాలు మా వీధి అంగన్‌వాడీలో కూర్చుని. అంతకుముందు ఇది రాయలేదంటే, రాయడం రాదు కాబట్టి. నేర్చుకున్నాక కూడా రెండేళ్లు రాయలేదు. ఎవరి గురించి రాయాలో ఆమెకు చదువు వచ్చు. చదివితే ఏమనుకుంటుందోనని చెయ్యి సాగలేదు.

గాజువాక దాటాక హైవే మీద ఒక పెట్రోలు బంకులో నేను పన్నెండేళ్లు పనిచేశాను. చేరిన కొత్తలో పదకొండు మందిమి. పంపుకి ఇద్దరు, ఒకరు పెట్రోలు కొడితే ఒకరు డబ్బు తీసుకునేవారు. టైర్లకు గాలి పట్టడానికి ఒకాయన, లారీల అద్దాలు తుడవడానికి ఇంకొకాయన. మా జీతం కాస్త పెరిగినప్పుడల్లా ఒక మనిషి తగ్గిపోయేవాడు. గాలికి మిషను వచ్చింది. అద్దాలు ఎవరివి వాళ్లే తుడుచుకున్నారు. ఫోనుతో డబ్బు కట్టడం వచ్చాక డబ్బు తీసుకునేవాళ్లు ఇళ్లకు పోయారు. చివరికి పగటి డ్యూటీకి రెండు పంపుల దగ్గర ఇద్దరు ఆడవాళ్లం మిగిలాం. నేనూ, వన్‌టౌన్ నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఆమె. సాయిబుల పిల్ల, నాకంటే పదేళ్లు చిన్న. భర్త పోయాడు. ఆ ఇంటికి ఆమె జీతమే ఆధారం.

ఒకసారి వాళ్లమ్మకు కంటి ఆపరేషన్ పడింది. మూడు రోజులు రాకపోతే మూడు రోజుల జీతం కోస్తారు.

“నువ్వెల్లు సెల్లీ. రెండు పంపులూ నాను సూసుకుంతాను. జీతం కొయ్యొద్దని సార్‌కి సెప్తాను,” అన్నాను.

యజమాని సరేనన్నాడు. ఆ మూడు రోజులూ పరుగే. బాత్రూముకు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు కూడా తాగలేదు. ఆమె లేని లోటు ఎవరికీ కనపడకూడదని నా పంతం. ఒక లారీ డ్రైవరు నవ్వాడు.

“ఏటమ్మా, నీకెన్ని సేతులు?”

“రెండే బాబూ. మూడోది నీదే, జేబులో ఎట్టుకుని నుంచున్నావ్. ఫోను తియ్యి!”

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు గర్వంగానే ఉంది. గదిలోంచి యజమాని చూస్తున్నాడు.

నెల తిరిగాక ఇద్దర్నీ లోపలికి పిలిచాడు. ఆమెకు కోత లేకుండా జీతమిచ్చాడు.

“రేపట్నుంచి రావద్దమ్మా. తప్పుగా అనుకోకు. ఒక్క మనిసితో అయ్యే పనికి రెండు జీతాలిత్తే నాను బంకు మూసుకోవాల.”

“ఒక్క మనిసితో ఎలగవుద్ది సార్?”

“మీ అక్క సేసి సూపించింది గదా.”

ఆమె నా వైపు చూసింది. నా వల్ల కాదు సార్, మూడో రోజు ఇంటి మెట్లు కూడా ఎక్కలేకపోయాను అని నేను అనాలి. నోటిదాకా వచ్చింది. అంటే ఆమెను ఉంచి నన్ను పంపేస్తాడేమో అనిపించింది. తల దించుకున్నాను.

బస్టాపు దాకా కలిసి నడిచాం. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. బస్సు ఎక్కబోతూ, “ఆ మూడ్రోజులూ కోసెయ్యనిచ్చుంటే బాగున్ను గదక్కా,” అంది.

మర్నాడు ఉదయం ఆరింటికి పనికి వెళ్లాను. రెండు పంపులూ ఆన్ చేశాను. ఈ పక్క బండివాడికి “జీరో సూసుకో బాబూ” అని చెప్పి, పైపు పెట్టి, ఆ పక్క బండి దగ్గరికి పరుగెత్తాను.