బాబాయి కారులో సాంబారు

కొత్తగా ఉద్యోగంలో చేరి, మాధవరంలో బాబాయి ఇంట్లో ఉంటున్న ఆ రోజుల్లో నాకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చి నెల కూడా కాలేదు. ఏం జరిగినా సర్దేయగలననే నమ్మకం మాత్రం నిండుగా ఉండేది. ఒక ఆదివారం ఆ నమ్మకం సాంబారుతో పాటు ఒలికిపోయింది.

బాబాయి కారు సీట్లు గుడ్డవి, మీగడ రంగు. కొని రెండేళ్లయినా ఆయన దాన్ని కొత్త కారనే అనేవాడు, అందులో మంచినీళ్లు కూడా తాగనిచ్చేవాడు కాదు. ఆ రోజు ఆయన కాంచీపురంలో పెళ్లికి బస్సులో వెళ్లాడు, నాలుగింటికి వస్తానన్నాడు. వ్యాసర్పాడిలో పిన్ని వాళ్లమ్మకు జ్వరం. "ఈడనే గదా పాపా, సాంబారు ఇచ్చేసి వచ్చేద్దాం. ఆయనకు తెలిస్తే గదా," అంది పిన్ని. దారిలో మలుపు దగ్గర షేర్ ఆటో అడ్డం వస్తే బ్రేకు తొక్కాను. వెనక సీట్లో సాంబారు క్యారియరు బోర్లా పడింది.

ఇంటికి తిరిగొచ్చేశాం (అవ్వకు పక్కింటివాళ్లు గంజి పోశారట). వేడినీళ్లు, అంట్ల సబ్బు తెచ్చి బరబరా రుద్దాను. పసుపు మరక ఎర్రగా మారింది. రుద్దేకొద్దీ ఇంకా ఎర్రబడింది. "ఏంది పాపా ఇది, కారులో కోడిని కోసినట్టుండాదే," అంటూ పిన్ని గడప మీద కూలబడింది. అప్పటికే పన్నెండు దాటింది.

వీధి చివర కారు సీట్లకు కవర్లు కుట్టే అక్క ఉండేది. పరుగున వెళ్లి పిలుచుకొచ్చాను. "సబ్బు తగిలితే పసుపు ఎర్రబడతాది కణ్ణు. రుద్దితే లోపలికి పోతాది. ఒత్తి ఎత్తు," అంది (కణ్ణు అంటే అరవంలో కన్నా అని). చన్నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి, తెల్లగుడ్డతో అద్దించింది. ఎరుపు మళ్లీ పసుపయింది (పసుపు మరకను చూసి నేను అంత సంతోషించింది అదొక్కసారే). "ఇంక ఎండే మందు," అని వెళ్లిపోయింది.

కారు తలుపులు ఎండకు తెరిచిపెట్టి కూర్చున్నాను. మబ్బు పట్టినప్పుడల్లా నా ప్రాణం పోయివచ్చింది. మూడున్నరకు పసుపు దాదాపు పోయింది. కానీ ఆ చోటు మిగతా సీటు కన్నా తెల్లగా మెరుస్తోంది. మేం మీగడ రంగనుకున్నది సగం దుమ్మేనని అప్పుడు తెలిసింది.

చెప్పినట్టే నాలుగింటికి బాబాయి వచ్చాడు. ఇంకా పూర్తిగా ఆరని సీటు చూసి, "ఏమయింది?" అన్నాడు.

"వాన పడింది," అంది పిన్ని, మండుతున్న ఎండలో నిలబడి.

నాకు ఏడుపొచ్చి అంతా చెప్పేశాను. ఆయన డ్రైవరు సీటు మీద ఎప్పుడూ పరిచి ఉండే తువ్వాలు మెల్లగా తీశాడు. కింద అరచేయంత కాఫీ మరక. "పోయిన దీపావళికి పడింది. మీ పిన్నికి చెప్పలేదు," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ వెనిగరు ఇంకా ఉండాదా పాపా?"

ఇప్పుడు నాకూ ఒక కారుంది. కొన్నరోజే సీట్లకు మరక పట్టని మందు కొట్టించాను, నీళ్లు పడితే ముత్యాల్లా జారిపోతాయి. జ్వరం మనిషికి సాంబారు వేడిగా అందాలని తప్ప సీటు సంగతే తలవని ఆనాటి పిల్ల ఎదురైతే, పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాను. చేతులు కడుక్కున్నావా అని అడిగిన తర్వాతే అనుకోండి.