పాట కింద టీచరమ్మ గుర్తులు

"నా పాట కింద ఆమె గుర్తులు ఏందే? తీసెయ్."

"ఆమెవి కాదవ్వా, కార్డ్స్‌వి. కీబోర్డు మీద ఎడమ చేత్తో ఏయే మీటలు కలిపి నొక్కాల్నో చెప్తాయి."

"మా అమ్మ ఏదీ నొక్కకుండానే పాడింది. నేనూ పాడినా. మాటలు యాడికి పోయినాయి?"

"తెలుగు కొడితే ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్నీ ఖాళీ గడులే వస్తాండాయి. నువ్వూ చూసినావు గదా. అందుకే మాటల లైన్లో ఇవి పెట్టమనింది మిస్."

"అట్లనా! నా మాటలు లేపేసి, ఆ జాగాలో ఆమెను కూర్చోబెట్టినావన్నమాట."

"నీకు అన్నిట్లోనూ మిస్సే కనపడ్తాది."

నిజమే, కనపడేది. అరబ్బు దేశంలో, దార్సైట్ అనే పేటలో మా ఫ్లాట్‌కు సరిగ్గా పైన ఉండేది ఆ టీచరమ్మ. గోవా మనిషి, పిల్లలకు కీబోర్డు నేర్పేది. నా కూతురు, అల్లుడు డ్యూటీలకు పోతే మనవరాలిని చూసుకోవడానికని కడప నుంచి వచ్చినదాన్ని నేను. పిల్లకు తల దువ్వింది నేను, అన్నం కలిపి పెట్టింది నేను, మొదటి పాట నేర్పింది నేను. పెద్ద తరగతికి వచ్చేసరికి మాత్రం నోరు తెరిస్తే మిస్. మిస్ జుట్టు కత్తిరించుకుంటే తనకూ కత్తిరించమనేది. మిస్ టీలో చక్కెర వేసుకోదని తనూ మానేసింది. చక్కెర మిగులుతుందని సంతోషించాల్సిన నాకు ఒళ్ళు మండేది. నేను నూనెలో కాల్చిన నిప్పట్లు డబ్బా నిండా పైకి పోయేవి, ఖాళీ డబ్బా కిందికి వచ్చేది. బాగున్నాయన్న మాట కూడా పిల్ల నోటనే వినాలి.

కృష్ణాష్టమికి గుడిలో ఊయల పాట ప్రతి ఏడూ మేమిద్దరం పక్కపక్కన కూర్చుని పాడేవాళ్ళం. మా అమ్మ దగ్గర నేను నేర్చుకున్న పాట అది. ఆ ఏడు పిల్ల పాడనంది. నేను పాడితే తాను వాయిస్తానంది. అందుకోసమే టీచరమ్మ ఇచ్చిన, స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్ సీడీ కంప్యూటర్‌లో వేసి, నా పాటను అందులోకి ఎక్కించింది. నేను చదివింది మూడో తరగతి. తెరమీద నాకు కనబడింది గీతల మీద తోకకప్పల్లాంటివి, వాటి కింద పాతకాలం గోడ గడియారం మీద ఉండే అంకెల్లాంటివి. ఒంటి పుల్ల, పంగల కర్ర, పుల్ల పక్కన పంగల కర్ర. కొన్నిటికి పక్కన చిన్న ఏడంకె. నా పాట పొడుగునా కాపలా వాళ్ళలా నిలబడి ఉన్నాయి.

"అవి ఉంటే నేను గుడిలో పాడను" అన్నాను.

పిల్ల మౌస్ చేతిలోకి తీసుకుంది. "చెరిపేస్తే మళ్ళా అన్నీ కొట్టుకోవాల. కనపడకుండా దాచి పెడ్తా. చాలునా?"

"చాలు."

మౌస్ నొక్కింది. గుర్తులన్నీ పోయాయి. అల్లుడు ఆఫీసు నుంచి తెచ్చిన, ఒకవైపు వాడేసిన కాగితం ఇచ్చి, దాని వెనక ప్రింటు తీయించాను. పాట ఒక్కటే వచ్చింది, తెల్లగా, శుభ్రంగా. ఇంకూ కలిసొచ్చింది.

ఆ సాయంత్రమే గుడి హాల్లో ఆడవాళ్ళందరి ముందు రిహార్సల్. నేను ఎత్తుకున్నాను. పిల్ల కుడి చెయ్యి నా గొంతు వెంటే వచ్చింది. ఎడమ చెయ్యి మొదటి చరణంలో ఎలాగో నడిచి, రెండో చరణం దగ్గర గాలిలో ఆగిపోయింది. తర్వాత ఏదో వెతికి నొక్కింది. అన్నంలో రాయి తగిలినట్టు నా పాటకు అడ్డం పడింది.

"పాపకు ఇంకా రానట్టుంది పిన్నీ" అంది వెనక నుంచి ఒకావిడ.

కాగితం మీద ఉన్నది కుడిచేతి పాట మాత్రమేనని, ఎడమ చేతికి దారి చెప్పేవి ఆ గుర్తులేనని నాకు అప్పుడు తెలిసింది.

"వదిలెయ్. వచ్చి నా పక్కన కూర్చోని పాడు."

"పాడను. నాకు వాయించాలనుండాది." కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా గొంతు గట్టిగానే ఉంది. ఆ మొండితనం నాదే.

ఇంటికి వచ్చాక అడిగాను. "ఆ గుర్తులు లేకపోతే నీకు రానే రాదా?"

"ఇంకా రాదు. నీ పాటలో ఏది యాడ పడ్తాదో మిస్సూ నేనూ కూర్చోని వెతికినాం. దానికోసం ఎన్నిసార్లు పాడినానో!"

"ఆమె ముందర పాడినావా? మాటలతోనా?"

"పాడకపోతే ఆమెకు ఎట్ల తెలుస్తాది? అర్థం కూడా చెప్పినా. మళ్ళా పాడు, మళ్ళా పాడు అనేది."

నా పక్కన కూర్చుని పాడనన్న పిల్ల, పై అంతస్తులో మా అమ్మ పాటను మాటలతో సహా పాడుతూనే ఉంది. దాన్ని మళ్ళీ మళ్ళీ అడిగి పాడించుకున్నది నేను కాదు. గుర్తులను చూస్తే కలిగిన మంట దీని ముందు ఏపాటిది? కంచాలు కడిగిన నీళ్ళు పారబోసి, లైట్లు ఆర్పి పడుకున్నాను.

పొద్దున పిల్ల నాకంటే ముందే లేచి కంప్యూటర్ ముందు కూర్చుంది. దాచిన గుర్తులను మళ్ళీ కనపడేలా పెట్టింది. నన్ను అడగలేదు, నేను వద్దనలేదు. ప్రింటు తీసి, యూనిఫాం వేసుకుని కాగితంతో పైకి పోయింది. నేను అన్నం డబ్బా కట్టి, తలుపు తీసి మెట్ల దగ్గర నిలబడ్డాను. పై నుంచి కీబోర్డు మీద నా పాట వినిపించింది. ఎడమ చెయ్యి ఎక్కడా ఆగలేదు. టీచరమ్మ ఏదో అంటే పిల్ల గట్టిగా నవ్వింది. కింద స్కూలు బస్సు హారన్ కొట్టింది. పిల్ల దబదబా మెట్లు దిగి, నా చేతిలోని డబ్బా అందుకుని బస్సెక్కింది.