కదలనని కూర్చున్న మట్టి దొర

నేను ఫిజిక్స్ చెప్పుకుని బతికే మనిషిని. ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది పులివెందుల. మా ఆయన పోయాక ప్రొద్దుటూరులో ఒక జూనియర్ కాలేజీలో ఉద్యోగం దొరికింది. ఓబుళరెడ్డి ఇంట్లో మేడ మీద వాటాలో అద్దెకు దిగాను. చుట్టం కాకపోయినా ఆయన్ను మామా అని పిలిచేదాన్ని. పిల్లలు లేరు. కింద ఆయన ఒక్కడు, పైన నేను ఒక్కదాన్ని.

మామ సరుకు ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆయన ముందు గదిలో స్టూలు మీద ఒక మట్టి బొమ్మ ఉండేది. మూరెడు ఎత్తున, కాళ్ళు మడిచి కూర్చున్న మగమనిషి. తలకు పాగాలాంటి చుట్ట, చెవులకు పెద్ద పెద్ద బిళ్ళలు, మెడనిండా పూసలు. పంచాయితీ చెప్పబోతున్న పెద్దమనిషిలా నోరు కాస్త తెరిచి ఉండేవాడు.

కొలంబస్ ఆ వైపు అడుగు పెట్టడానికి చాలా ముందే, మెక్సికోలో ఎవరో దొరను చూసి చేసినదట. గొప్పవాళ్ళు చనిపోతే తోడుగా సమాధిలో ఇలాంటివి పెట్టేవాళ్ళట. మామకు జబ్బు చేసి అక్కడి ఆసుపత్రిలో పడి ఉంటే ఓడ ఆయన్ను వదిలేసి వెళ్ళిపోయింది. పక్క మంచం ముసలామె, చూడటానికి ఎవరూ రాని ఈ మనిషిని చూసి, తన ఇంటి నుంచి దీన్ని తెప్పించి ఇచ్చిందట.

“తీసుకరాకుండా ఉండాల్సింది మ్మా,” అనేవాడు మామ. “వానికి వాని ఊరు లేకుండా చేస్తి.”

మొన్నటి చలికాలం మామకు ఊపిరి అందక కడప ఆసుపత్రికి తీసుకుపోయారు. కారెక్కుతూ తాళం నా చేతిలో పెట్టాడు.

“పొద్దుగూకితే లైటెయ్ మ్మా. వాన్ని ఒక్కన్నే చీకట్లో పెట్టొద్దు.”

రోజూ కాలేజీ నుంచి రాగానే లైటు వేసి, బొమ్మను ఒంటిచేత్తో ఎత్తి దుమ్ము తుడిచేదాన్ని. లోపల బోలు. ఖాళీ కడవంత తేలిక. అందుకే తర్వాత జరిగింది నాకు ఇంకా మింగుడుపడదు.

మామ తిరిగి రాలేదు.

కర్మలయ్యాక ఒక ఉదయం ఆయన తమ్ముడి కొడుకు గంగిరెడ్డి పెద్దముడియం నుంచి ఆటో మాట్లాడుకుని సామాను తీసుకుపోవడానికి వచ్చాడు.

“సమాధిలో బొమ్మ ఇంట్లో ఏందక్కా? పోతాపోతా పెన్నలో కలిపేస్తా,” అని వంగి ఎత్తబోయాడు. రాలేదు.

“సిమెంటు పోసినాడా యేంది మా పెద్దనాయన?” అని నవ్వాడు. రెండు చేతులా పట్టాడు. మెడ నరాలు పొంగాయి. ఆటో అతను కూడా ఒక పక్క పట్టాడు. స్టూలు కిర్రుమంది కానీ బొమ్మ కదల్లేదు. అతికించారేమోనని కుట్టుదారం తెచ్చి బొమ్మకూ స్టూలుకూ మధ్య ఈ చివర నుంచి ఆ చివరకు లాగి చూశాను. ఎక్కడా తగలకుండా వచ్చేసింది.

గంగిరెడ్డి నవ్వు ఆగిపోయింది. చెమట తుడుచుకుని నా వైపు చూశాడు. “నాకొద్దులే అక్కా. నువ్వు చూడు.”

నేను దగ్గరికి వెళ్ళాను. ఎందుకన్నానో తెలియదు. “రాప్పా, పైకి పోదాం,” అన్నాను. మా ఆయన పోయాక నా ఇంటికి నేను ఎవరినీ రమ్మన్నది లేదు.

ఒంటిచేత్తో పట్టాను. బరువుంటుందని గట్టిగా లాగానేమో, వెనక్కి తూలాను. అంత తేలిగ్గా వచ్చింది. ఆటో అతను చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు.

తర్వాత కాటా మీద పెట్టి చూశాను. నిన్న కూడా చూశాను. మామూలు మట్టి బరువే. ద్రవ్యరాశి మారకుండా, గురుత్వ త్వరణం మారకుండా బరువు మారదని పిల్లలకు బోర్డు మీద రాసి చెబుతుంటాను. ఆ ఉదయం ఆ రెండూ మారలేదు. నాకు తెలిసింది అంతవరకే.

గంగిరెడ్డి అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. “బాగుండాడా?” అని అడుగుతాడు. ఉండాడంటాను.

ఇప్పుడు ఆ మట్టి దొర నేను అన్నం తినే బల్లకు అవతలి వైపు ఉంటాడు. తినేటప్పుడు చప్పుడు కోసం టీవీ పెట్టుకోవడం మానేశాను.