సంఘం ఒప్పుకోదండీ

కోదండరామయ్యగారు తుమ్మాలన్నా జాతీయ ఫార్మసిస్టుల సంఘం అనుమతి తీసుకునే తుమ్ముతారని భీమడోలులో అందరికీ తెలుసు. రెండువేల అయిదు ప్రాంతంలో స్టేషన్ రోడ్డులో నా బట్టల కొట్టు పక్కనే ఆయన మందుల షాపు ఉండేది. సంఘం బ్యాడ్జీ చొక్కాకి పెట్టుకునేవారు. చొక్కా లేని వేళ బనీనుకి. మందు అమ్మితే చాలదు, ఎలా వాడాలో, ఎప్పుడు వాడకూడదో కూడా చెప్పాలని సంఘం వారు నేర్పారట. ఈయన అక్కడితో ఆగితేనా!

పెళ్ళి భోజనంలో నా విస్తట్లో ఆవకాయ వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి, "బీపీ మనిషికి ఇంత ఉప్పు మా సంఘం ఒప్పుకోదండీ" అన్నారు. ప్యాసింజరు లేటైతే, "ఈ సంగతి జాతీయ మహాసభలో ఎత్తుతాను" అని స్టేషన్ మాస్టర్ని బెదిరించారు. ఓ రోజు ఆయన భార్య కుసుమకుమారిగారికి ఒళ్ళు మండి, "ఇవాళ వంట మీ సంఘాన్నే చెయ్యమనండి" అని తలుపేసుకున్నారు. ఆయన మా ఇంట్లో తిన్నారు. తింటూ మా పచ్చడికి కూడా వంక పెట్టారు, సంఘం తరఫున.

నాకోసారి గొంతు నొప్పి పట్టుకుంది.

"ఏవండీ, ఆ రెండు రంగుల గొట్టం బిళ్ళలు నాలుగివ్వండి."

"డాక్టరు చీటీ ఏదండీ?"

"మనం చిన్నప్పటి స్నేహితులం కదండీ!"

"సంఘానికి స్నేహితులుండరండీ. సభ్యులే ఉంటారు."

చేసేది లేక ఉప్పునీళ్ళు పుక్కిలించాను. ఆ పాడు గొంతు నా పరువు తీస్తూ రెండ్రోజుల్లో తగ్గిపోయింది కూడాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆయన షాపుకి పాపమ్మ వచ్చింది. కొల్లేటి ఒడ్డున చేపల చెరువుల దగ్గర పని చేసే పెద్దావిడ. మోకాళ్ళ నొప్పులకి ఎక్కడెక్కడో బిళ్ళలు కొని మింగీ మింగీ మొహం, కాళ్ళు వాచిపోయాయి. అవే బిళ్ళలు ఇంకో షీటు కావాలంది.

"ఇవి కిడ్నీలు తినేస్తాయమ్మా. మీరు ఏలూరు పెద్దాసుపత్రికి వెళ్ళాలి."

"ఒకరి దయ మీద బతికే అలవాటు నాకు లేదు బాబూ. ఇస్తే ఇవ్వండి, లేపోతే గూడెం టౌనుకి పోయి కొనుక్కుంటాను."

"దయేవిటమ్మా! ఇలాంటి వాళ్ళని దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్ళాలని మా జాతీయ సంఘం రూలు. మీరు రాకపోతే నా సభ్యత్వం ఊడిపోతుంది. అప్పుడు నా గతేం కాను?"

పాపమ్మ జాలిపడింది. "అయ్యో పాపం! సరే, మీ కోసం వస్తాను లెండి" అంది.

ఆయన షాపు మూసి ఆవిణ్ణి రైలెక్కించారు. రక్తపరీక్ష, మందులు, మధ్యాహ్నం భోజనం, అన్నీ సంఘం రూలే. ఆ బిళ్ళలు ఆపేశాక, కొత్త మందులతో వాపు దిగింది. కానీ నెలనెలా వెళ్ళి చూపించుకోవాలన్నారు డాక్టరుగారు.

ఆ చలికాలం ఏలూరు సభకి వెళుతూ సంఘం పెద్ద అనిల్ కుమార్‌గారు మా వీధిలో కారు దిగారు. సరిగ్గా అప్పుడే పాపమ్మ బుట్టతో ఊడిపడింది.

"ఈయన సంఘం వారు మీరేనా బాబూ? ఆసుపత్రికి తీసుకెళ్ళే రూలు పెట్టారు, చల్లగా ఉండాలి! ఇవిగో, కొరమేను చేపలు."

"ఏం రూలమ్మా?" అన్నారాయన.

కోదండరామయ్యగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకప్పుడు వెలిగింది, అలాంటి రూలే లేదని! ఇదంతా ఈయన దయేనని తెలిస్తే పాపమ్మ మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కదు.

అనిల్ కుమార్‌గారు ఆవిడ వంకా, ఈయన వంకా చూశారు.

"ఓ, అదా! చాలా పాత రూలమ్మా."

"వచ్చే వారం మళ్ళీ రమ్మన్నారు. ఈయన్ని పంపుతారుగా?"

"పంపకపోతే నన్నడగండి."

పాపమ్మ బుట్ట అక్కడే పెట్టి తృప్తిగా వెళ్ళిపోయింది. అనిల్ కుమార్‌గారు స్టూలు దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించారు.

"ఏవండీ కోదండరామయ్యగారూ, మన సంఘంలో ఇంకా ఏమేం రూల్సున్నాయో కాస్త చెబుతారా?"